కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌ను ఆసాంతం అనుసరించడం ఎలా: ఒహాయో స్టేట్ 2024 ఆధారంగా

కొడుకో, కూతురో, మేనల్లుడో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లి, ఆగస్టు నెలాఖరుకల్లా ఎర్ర టీషర్టు తొడుక్కుని లక్షమంది జనం మధ్య దిగిన ఫొటో పంపిస్తే, ఇక్కడున్నవాళ్లు మొదట చేసే పని ఆ ఆట నియమాలు వెతికి చదవడం. నేను చూసినంతలో నియమాలతో మొదలుపెట్టినవాళ్లు రెండు మూడు వారాల్లోనే విసిగి వదిలేస్తారు. కాలేజీ ఫుట్‌బాల్‌ను (ఇది మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టి విసిరే అమెరికన్ ఫుట్‌బాల్) అర్థం చేసుకోవడానికి ముందు పట్టుకోవలసింది నియమాల పుస్తకం కాదు, ఒక జట్టు షెడ్యూలు. అది కూడా రాబోయే సీజన్‌ది కాకుండా, ఇప్పటికే ముగిసిన సీజన్‌ది అయితే మేలు. ఫలితాలు తెలిసిన సీజన్‌ను వారం వారం చదువుకుంటూ వస్తే, ఏ వారంలో దేన్ని గమనించి ఉండవలసిందో తెలిసిపోతుంది. ఆ చూపుతోనే తరువాతి సీజన్‌కు కూర్చోవచ్చు.

ఇందుకు నేను ఎంచుకున్నది ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు, 2024 సీజన్. ఆ జట్టు పేరు బకైస్. పద్నాలుగు గెలిచి రెండు ఓడింది, రెండో ఓటమి అత్యంత అవమానకరంగా సొంత మైదానంలోనే ఎదురైంది, అయినా చివరికి జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది. అన్నీ గెలిచిన జట్టు కథ కంటే ఇలాంటి జట్టు కథలోనే నేర్చుకోవడానికి ఎక్కువ ఉంటుంది.

షెడ్యూలు, గడియారం

ఒక రెగ్యులర్ సీజన్‌లో జట్టుకు ఉండేది 12 ఆటలే. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలోనే 14 మ్యాచ్‌లు రెండు నెలల్లో ఆడేస్తుంది. ఇక్కడ వారానికి ఒకటి చొప్పున, సాధారణంగా శనివారం నాడు, ఆగస్టు చివరి నుంచి నవంబరు చివరి దాకా సాగుతుంది. ఆటలు ఇంత తక్కువ కాబట్టే ఒక్క ఓటమి కూడా ఏడాది మొత్తం వెంటాడుతుంది.

షెడ్యూలును కాగితం మీద రాసుకుని మూడు రంగుల్లో గుర్తులు పెట్టుకోండి. 2024లో ఒహాయో స్టేట్ మొదటి మూడు ఆటలు ఆక్రన్, వెస్టర్న్ మిషిగన్, మార్షల్ జట్ల మీద. ఇవి తమ కాన్ఫరెన్స్‌కు, అంటే ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమికి, బయటి ఆటలు, 52-6, 56-0, 49-14 స్కోర్లతో ముగిశాయి. ఇలాంటి ఆటలకు ఒక రంగు చాలు. మిగిలిన తొమ్మిదీ బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ జట్లతో. పేరులో పది ఉన్నా 2024 నుంచి అందులో 18 జట్లున్నాయి. ఆ ఏడాదే పశ్చిమ తీరం నుంచి ఆరెగాన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వచ్చి చేరాయి. ఈ తొమ్మిదిలో అక్టోబరు 12న ఆరెగాన్ గడ్డ మీద, నవంబరు 2న పెన్ స్టేట్ గడ్డ మీద ఆడవలసిన రెండింటికీ రెండో రంగు. నవంబరు 30న కొలంబస్‌లోనే మిషిగన్‌తో జరిగే ఆటకు మూడో రంగు, దాని సంగతి తరువాత. రెండు వారాలు విశ్రాంతి. వాటిని బై వీక్ అంటారు. అవి ఏ ఆటకు ముందు, ఏ ఆటకు తరువాత పడ్డాయో కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దెబ్బలు తగిలిన ఆటగాళ్లు కోలుకునేదీ, కోచ్‌లు కొత్త ఏర్పాట్లు చేసుకునేదీ ఆ వారంలోనే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చూసేవారికి గడియారం ఒక తలనొప్పి. కొలంబస్‌లో మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే ఆట మనకు రాత్రి 9:30కి, అక్కడ మధ్యాహ్నం 3:30 ఆట మనకు అర్ధరాత్రి దాటి 1 గంటకు, రాత్రి 7:30 ఆట ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు వస్తాయి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు. ఆ రోజు నుంచి ఈ వేళలన్నిటికీ ఒక గంట కలుపుకోవాలి. ఆ సంగతి మరచిపోయి పర్డూ ఆటకు రాత్రి 9:30కే కూర్చుని, గంట సేపు ఖాళీ మైదానం కోసం ఎదురుచూసినవాణ్ణి నేను. ఆరెగాన్ ఆటైతే మన లెక్కన దసరా మరునాటి ఉదయం 5 గంటలకు వచ్చింది. తెల్లవారుజామున లేవలేనివారు బాధపడనక్కర్లేదు. ఆట ముగిశాక ప్రతి ఎత్తునూ, అంటే బంతి కదిలిన దగ్గర నుంచి ఆగేదాకా సాగే ఒక్కో ప్రయత్నాన్నీ, వరుసగా రాసి ఉంచే పట్టికలు దొరుకుతాయి. కాఫీ తాగుతూ ఆ పట్టిక చదివితే ఆటలో సగం అర్థమవుతుంది.

వచ్చినవాళ్లు, పోయినవాళ్లు

ఆగస్టులోనే చేయవలసిన రెండో పని, జట్టులో ఎవరు మారారో ఒక పేజీలో రాసుకోవడం. కాలేజీ ఆటగాడికి ఉండేది మామూలుగా నాలుగు సీజన్లు. దానికి తోడు ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారడం తేలికైంది. అందువల్ల నిరుటి జట్టు, ఈ ఏటి జట్టు పేరుకే ఒకటి.

2023లో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడిగా, ఉన్న కైల్ మెకార్డ్ సిరక్యూస్‌కు వెళ్లిపోయాడు. అతని చోటికి కాన్సస్ స్టేట్ నుంచి విల్ హోవర్డ్ వచ్చాడు. బంతి పట్టుకుని పరుగెత్తే క్విన్‌షాన్ జడ్కిన్స్ ఓల్ మిస్ నుంచి, వెనుక వరుసలో కాపు కాసే కేలెబ్ డౌన్స్, వరుస మధ్యలో నిలబడే సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్ ఇద్దరూ అలబామా నుంచి వచ్చారు. వీరందరికంటే చిన్నవాడు జెరెమయా స్మిత్, అప్పుడే హైస్కూలు దాటి వచ్చిన రిసీవర్, విసిరిన బంతిని పట్టేవాడు. ఇక జాక్ సాయర్, ఎమెకా ఎగ్బుకా, ట్రవేయన్ హెండర్సన్, డొనవన్ జాక్సన్ వంటివారు వృత్తి క్రీడాకారుల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోగలిగి ఉండి కూడా ఇంకో ఏడాది కాలేజీలోనే ఆగారు. ఎందుకు ఆగారో తెలిస్తే సీజన్ సగం అర్థమైనట్టే: వాళ్లు కాలేజీలో అడుగుపెట్టాక ఒక్కసారి కూడా మిషిగన్‌ను ఓడించలేదు, జాతీయ టైటిల్ గెలవలేదు.

కోచ్‌ల పేర్లు మూడు చాలు. ప్రధాన కోచ్ రయన్ డే, దాడి ఎత్తులు నడిపే చిప్ కెల్లీ, రక్షణ చూసే జిమ్ నోల్స్. కెల్లీ ఆ ఏడాదే యూసీఎల్‌ఏ ప్రధాన కోచ్ పదవి వదిలి కింది స్థానానికి వచ్చాడు. మనవైపు ఆఫీసుల్లో ఊహించడం కష్టమే.

ఆట చూసేటప్పుడు కళ్లు ఎక్కడ ఉండాలి

ఇప్పుడు కావలసినన్ని నియమాలే చెబుతాను. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. పది గజాలు జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు కొత్తగా వస్తాయి. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని తరువాత తన్ని ఒక పాయింటు, లేదా మళ్లీ గీత దాటి రెండు పాయింట్లు తెచ్చుకోవచ్చు. గీత దాటలేమని అనుకుంటే బంతిని రెండు కొయ్యల మధ్య నుంచి తన్ని 3 పాయింట్లు తీసుకోవచ్చు, అది ఫీల్డ్ గోల్. మొదటి ఆటకు ఇంతకుమించి అక్కర్లేదు.

క్రికెట్‌లో ఛేజింగ్ చూసేటప్పుడు కన్ను కావలసిన రన్‌రేట్ మీదకు ఎలా పోతుందో, ఇక్కడ కన్ను తెర మూలన ఉండే రెండు అంకెల మీదకు పోవాలి: ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని గజాలు. మూడో డౌన్‌లో రెండు గజాలు మిగిలితే దాడి చేసే జట్టు ఏదైనా చేయవచ్చు. మూడో డౌన్‌లో పదకొండు గజాలు మిగిలితే బంతి విసరక తప్పదని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎదుటి జట్టుకూ తెలుసు. అందుకే నా నోటుబుక్కులో ప్రతి ఆటకూ మూడే గళ్లు ఉంటాయి: మూడో డౌన్లు ఎన్ని నెగ్గారు, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు, చివరి గీతకు 20 గజాల లోపుకు చేరినప్పుడు ఎన్ని పాయింట్లతో తిరిగివచ్చారు. మొత్తం గజాల లెక్క పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది కానీ, అది నమ్మదగ్గ లెక్క కాదని నా అభిప్రాయం.

పెన్ స్టేట్ ఆట మూడో గడికి మంచి పాఠం. నాలుగో క్వార్టర్‌లో, అంటే ఆటలోని నాలుగు భాగాల్లో చివరిదానిలో, ఒహాయో స్టేట్ 20-13తో ముందుంది. పెన్ స్టేట్ గీతకు మూడు గజాల దూరానికి వచ్చింది, చేతిలో నాలుగు డౌన్లు. మూడుసార్లు బంతిని పరుగుతో తోసుకుపోబోయి ఆగిపోయింది. నాలుగోసారి విసిరిన బంతి చేతికి అందలేదు. అక్కడి నుంచి ఒహాయో స్టేట్ మిగిలిన ఐదు నిమిషాలకు పైగా సమయాన్ని వరుస పరుగులతోనే కరిగించి, బంతి ఎదుటివాళ్లకు ఇవ్వకుండానే ఆట ముగించింది. పాయింట్ల పట్టికలో ఈ చివరి అయిదు నిమిషాల జాడే ఉండదు. ఆట గెలిచింది మాత్రం అక్కడే.

కళ్లకు ఇంకో అలవాటు కూడా చేయాలి. బంతి కదలక ముందు క్వార్టర్‌బ్యాక్‌ను కాకుండా, అతని ముందు వంగి నిలబడే ఐదుగురిని చూడండి. బంతిని వెనక్కి అందించే సెంటర్ తప్ప వాళ్లు బంతి ముట్టుకోరు, వాళ్ల పేర్లు ఎవరూ అరవరు, కానీ వాళ్లు నిలబడినంత సేపే క్వార్టర్‌బ్యాక్‌కు ఆలోచించే వ్యవధి. ఆరెగాన్ ఆటలో ఆ వరుస ఎడమ చివర నిలబడే జాష్ సిమన్స్ గాయపడి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తరువాతి ఆటలో బలహీనమైన నెబ్రాస్కా మీద ఒహాయో స్టేట్ చచ్చీచెడీ 21-17తో బయటపడింది. అప్పుడు కోచ్‌లు పక్క స్థానంలో ఆడే డొనవన్ జాక్సన్‌ను ఎడమ చివరకు జరిపారు. నవంబరులో సెంటర్ మెక్‌లాక్లిన్ కూడా గాయపడ్డాడు, మళ్లీ వరుస సర్దుబాటు. జనవరిలో ఆ జట్టు గెలిచిన కప్పు వెనుక అతి పెద్ద కథ ఇదేనని నేననుకుంటాను. అతి తక్కువగా చెప్పుకునేదీ ఇదే.

గడియారం ఎలా పనిచేస్తుందో ఆరెగాన్ ఆట చివరి పది సెకన్లు నేర్పుతాయి. ఆరెగాన్ 32-31తో ముందుంది, ఒహాయో స్టేట్ ఫీల్డ్ గోల్ దూరంలోకి రావడానికి పాకులాడుతోంది. ఆ సమయంలో ఆరెగాన్ మైదానంలోకి 11 మందికి బదులు 12 మందిని దించింది. శిక్షగా ఐదు గజాలు ఇచ్చారు కానీ, ఆ ఎత్తులో కరిగిపోయిన నాలుగు సెకన్లు తిరిగి ఇవ్వలేదు. పది సెకన్లు ఆరు అయ్యాయి. తరువాతి ఎత్తులో హోవర్డ్ బంతితో పరుగెత్తి జారి కూర్చునేసరికి గడియారం సున్నా చూపుతోంది. తప్పు చేసిన జట్టుకే లాభం కలిగించిన ఈ లోపాన్ని సవరిస్తూ నియమాల సంఘం ఆ వారంలోనే కొత్త వివరణ ఇచ్చింది. నియమాలను ఇలా ఒక్కో ఆట తగిలిన చోట నేర్చుకుంటే మరచిపోరు.

ర్యాంకుల సంగతి

ప్రతి వారం ర్యాంకుల జాబితాలు వస్తాయి. 1936 నుంచి విలేకరుల ఓట్లతో నడుస్తున్న ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) పోల్ ఆగస్టులోనే మొదలవుతుంది. ఒక్క ఆట కూడా జరగక ముందు వచ్చే ఆ జాబితా పందెం కాసేవాళ్ల అంచనా లాంటిది, దాన్ని చదివి నవ్వుకుని పక్కన పెట్టండి. నిజంగా చూడవలసింది నవంబరు మొదటి వారం నుంచి మంగళవారాల్లో 13 మంది సభ్యుల ప్లేఆఫ్ (జాతీయ టైటిల్‌ను తేల్చే నాకౌట్ పోటీ) ఎంపిక సంఘం ప్రకటించే జాబితా. 2024లో తొలిసారిగా ప్లేఆఫ్‌కు నాలుగు బదులు 12 జట్లను తీసుకున్నారు: మెరుగైన ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లు, మిగిలిన ఏడు చోట్లకు ర్యాంకు వరుసలో వచ్చేవాళ్లు.

ఇక్కడ ర్యాంకు వేరు, సీడ్ (ప్లేఆఫ్ పట్టికలో ఇచ్చే వరుస స్థానం) వేరు అన్న మెలిక ఉంది. సంఘం చివరి జాబితాలో ఒహాయో స్టేట్ ఆరోది. కానీ ఆ ఏడాది మొదటి నాలుగు సీడ్లు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకే అన్న నియమం వల్ల, జాబితాలో కిందున్న బాయిసీ స్టేట్, ఆరిజోనా స్టేట్ పైకెళ్లి మూడో, నాలుగో సీడ్లు పొందాయి. ఒహాయో స్టేట్ ఎనిమిదో సీడ్‌కు జారింది. తమాషా ఏమిటంటే, మొదటి రౌండు ఆడనక్కర్లేకుండా విశ్రాంతి పొందిన ఆ నలుగురూ తమ తొలి ఆటలోనే ఓడిపోయారు. 2025 నుంచి నియమం మార్చి, ర్యాంకు ప్రకారమే సీడ్లు ఇస్తున్నారు. ఏ ఏడాది పట్టిక చదువుతున్నామో ఆ ఏడాది నియమం ముందు చూసుకోవాలి.

మిషిగన్ వారం

మూడో రంగు వేసిన ఆట ఇది. రెగ్యులర్ సీజన్ చివరి శనివారం ఈ రెండు జట్లూ తలపడతాయి. ఆ వారం కొలంబస్ క్యాంపస్‌లో బోర్డుల మీద ఎక్కడ ‘ఎం’ అక్షరం కనిపించినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మిషిగన్‌ను గెలిస్తే ఒహాయో స్టేట్ ఆటగాళ్లకు చిన్న బంగారు ప్యాంటు బొమ్మ ఒకటి ఇస్తారు. 1930ల నుంచి వస్తున్న ఆచారం. జాతీయ టైటిల్ ఉంగరం ఉండి, ఆ బొమ్మ లేని ఆటగాడికి లోపల ఏదో వెలితి మిగులుతుందని వాళ్ల మాటల్లోనే వినిపిస్తుంది.

2024లో మిషిగన్ ఆరు గెలిచి ఐదు ఓడి వచ్చింది, ఒహాయో స్టేట్ అప్పటికి ఒక్క ఆటే ఓడి ఉంది. ఎవరూ మిషిగన్‌కు అవకాశం ఇవ్వలేదు. కానీ ఆట 10-10 దగ్గర చిక్కుకుంది. మిషిగన్ బలమంతా మధ్యన నిలబడే భారీ ఆటగాళ్లలోనే ఉండగా, ఒహాయో స్టేట్ పదే పదే ఆ మధ్యలోకే పరుగు పెట్టింది; బయట స్మిత్, ఎగ్బుకా చేతులు ఊపుకుంటూ నిలబడ్డారు. రెండు ఫీల్డ్ గోల్స్ తప్పిపోయాయి. 45 సెకన్లు మిగిలి ఉండగా మిషిగన్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 13-10. వరుసగా నాలుగో ఏడు ఓటమి. తరువాత మిషిగన్ ఆటగాళ్లు మైదానం మధ్యలో తమ జెండా పాతబోగా ఇరుపక్షాలూ కలబడ్డాయి. బిగ్ టెన్ రెండు యూనివర్సిటీలకూ చెరో లక్ష డాలర్లు జరిమానా వేసింది.

ఈ ఆట నోటుబుక్కులో రాసుకునేటప్పుడు కోపం పక్కన పెట్టి, ఎత్తుల పట్టిక తీసి, మధ్యలోకి పెట్టిన పరుగులు ఎన్ని, బయటికి విసిరినవి ఎన్ని అని లెక్కపెట్టండి. మూడు వారాల తరువాత అదే లెక్క మళ్లీ అవసరమవుతుంది.

డిసెంబరు, జనవరి

డిసెంబరు 21న కొలంబస్‌లో టెనసీతో మొదటి రౌండు. మిషిగన్ ఆటలో మధ్యలోకి పొడిచి పొడిచి అలసిన జట్టే, ఇప్పుడు మొదటి నుంచీ బంతిని దూరంగా, బయటికి విసరడం మొదలుపెట్టింది. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 21-0, చివరికి 42-17. జనవరి 1న రోజ్ బౌల్ అని పిలిచే క్వార్టర్‌ఫైనల్‌లో మళ్లీ ఆరెగాన్. అక్టోబరులో ఒక పాయింటుతో ఓడించిన, అప్పటికి ఒక్క ఆట కూడా ఓడని జట్టు మీద రెండో క్వార్టర్‌లోనే 34-0 ఆధిక్యం, చివరికి 41-21. పాత ఆట పేజీ, కొత్త ఆట పేజీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒక కోచింగ్ బృందం ఓటమి నుంచి ఏం దిద్దుకుందో తెలుస్తుంది.

జనవరి 10న కాటన్ బౌల్‌లో టెక్సస్‌తో సెమీఫైనల్. 21-14తో వెనుకబడిన టెక్సస్ గీతకు ఒక్క గజం దూరంలో ఉంది. మొదటి డౌన్ ముందుకు సాగలేదు. రెండో డౌన్‌లో పక్కకు విసిరి పరుగెత్తబోతే ఏడు గజాలు వెనక్కి పోయింది. మూడోది అందలేదు. నాలుగో డౌన్‌లో జాక్ సాయర్ దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని కొట్టి, తానే అందుకుని, 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. యూవర్స్ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లోనే సాయర్‌తో ఒకే గదిలో ఉన్నవాడు. ఆగస్టులో రాసుకున్న వచ్చినవాళ్లు, పోయినవాళ్లు పేజీ ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

జనవరి 20న అట్లాంటాలో ఫైనల్, నోటర్ డేమ్ మీద 34-23. అందులో ఒక్క ఎత్తు మాత్రం తప్పక చూడండి: 31-7 దాకా వెళ్లిన ఆధిక్యం 31-23కు తగ్గిపోయాక, మూడో డౌన్, పదకొండు గజాలు. పైన చెప్పిన లెక్కే. విసరక తప్పదని అందరికీ తెలుసు. హోవర్డ్ విసిరాడు, స్మిత్ 56 గజాలకు పట్టుకున్నాడు. నాలుగు జట్ల ప్లేఆఫ్ తొలి ఏడాది, అంటే 2014 సీజన్‌లో, టైటిల్ గెలిచిందీ ఒహాయో స్టేటే. పన్నెండు జట్ల ప్లేఆఫ్ తొలి ఏడాది గెలిచిందీ అదే.

స్టేడియానికే వెళ్లగలిగితే

ఒహాయో స్టేడియంలో 1,02,780 మంది కూర్చోవచ్చు. గుర్రపు నాడా ఆకారం వల్ల దాన్ని అందరూ హార్స్‌షూ అనే పిలుస్తారు. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఆటకు గంట ముందే లోపలికి చేరుకోవాలి, బ్యాండు కోసం. 1936 నుంచి బ్యాండు వాళ్లు నడుస్తూ నడుస్తూ ఒహాయో అన్న పేరును కలిపి రాత అక్షరాల్లో మైదానం మీద రాస్తారు. చివరికి సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి వాద్యం వాయించే ఒకరు గర్వంగా నడిచి వెళ్లి ‘ఐ’ మీద చుక్క అయి నిలబడతారు. హెల్మెట్ల మీద ఆకుల స్టిక్కర్లు గమనించండి, బాగా ఆడినప్పుడల్లా ఒకటి చొప్పున అంటిస్తారు; నవంబరుకల్లా ఎవరి హెల్మెట్ నిండిందో చూస్తే చాలు. సంచుల మీద ఆంక్షలు కఠినంగా ఉంటాయి కాబట్టి పులిహోర డబ్బా ఇంట్లోనే వదిలి వెళ్లాలి. నవంబరు ఆటకైతే రెండు జతల సాక్సులు తప్పనిసరి.

సీజన్ ముగిసిన వారంలోనే కొత్త పేజీ మొదలవుతుంది. ఈ జట్టు నుంచి 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (వృత్తి జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట) 14 మంది ఎంపికయ్యారు. వారిలో మొదటి రౌండులోనే వెళ్లిన నలుగురిలో గాయపడిన సిమన్స్, అతని చోట నిలబడిన జాక్సన్ ఇద్దరూ ఉన్నారు. చిప్ కెల్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు, జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కు వెళ్లిపోయారు. కాబట్టి 2025 సీజన్ పేజీలో మొదటి వరుసలో హోవర్డ్ పేరు కొట్టేసి, ఆ పక్కన అప్పటి కొత్త క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సయిన్ పేరు రాసుకోండి; ఆ సీజన్ తొలి ఆట 2025 ఆగస్టు 30న, టెక్సస్‌తో, కొలంబస్‌లో, మన వేళ రాత్రి 9:30కి మొదలైంది.